డబ్బా కడిగిన నీళ్ళు

ఆ ఉదయం ఆకాశం కిందికి దిగి కదలకుండా కూర్చుంది. అది వానమబ్బు కాదు. సరిగా పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. దాని వెనక సూర్యుడు ఎక్కడున్నాడో తెలియడం లేదు గానీ ఉక్క మాత్రం తెల్లవారకముందే మొదలైంది. గాలి లేదు. పత్తి చేలో ఆకు కదలడం లేదు. తెల్లదోమకి అంతకన్నా మంచి రోజు ఉండదు.

పెద్దవాడు గట్టు దిగి, ఒక మొక్కని మొదట్లో పట్టుకుని ఊపాడు. పొయ్యిలో బూడిద ఊదినట్టు దోమ లేచింది. గడ్డం మీదా కనుబొమల మీదా వాలింది. ఒకటి నోట్లోకి పోయింది. ఉమ్మేసి ఇంకో మొక్కని ఊపాడు. అక్కడా అంతే.

ముందురోజే మందు కొట్టించాడు. దీనికి దోమ అన్నది మిగలదని చెప్పి దుకాణంవాడు అంటగట్టిన కొత్త మందు అది. అంతకుముందు ఇంకొకటి, దానికి ముందు మరొకటి. వారం వారం డబ్బా భుజం దిగకుండా కొట్టిస్తూనే ఉన్నాడు.

గట్టు మీద తుంపర కూర్చుని ఉన్నాడు. తుంపర అంటే పిచికారీ చేసే మనిషి. అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. ఏళ్ళ తరబడి మందు డబ్బా మోసి ఎడమ భుజం కిందికి జారింది. కళ్ళు ఎప్పుడు చూసినా అప్పుడే ఏడ్చి వచ్చినట్టు ఉంటాయి.

"ఏరా, మందు కొట్టావా, పన్నీరు చల్లావా?" అన్నాడు పెద్దవాడు.

"మూత మీరే తీశారు కదా పెద్దయ్యా. మీ ఎదురుగానే కలిపాను."

"మరి ఇవేంటి?"

తుంపర లేచి వచ్చి ఒక ఆకు తిరగేశాడు. అడుగున పిండి చల్లినట్టు దోమ. "రాత్రి మత్తులో పడుకున్నట్టున్నాయి. పొద్దున్నే లేచి మొహాలు కడుక్కున్నాయి."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నాకెక్కడి నవ్వు. రాత్రంతా వాంతులు చేసుకున్నాను."

పెద్దవాడు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "అయితే మందు మంచిదే. దోమల మీద తప్ప అందరి మీదా పనిచేస్తోంది." ఆ మాటకి తనే నవ్వుకుని, ఆకు తెంపి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. పురుగుల సారుకి కబురు పెట్టించాడు.

ఆ చేను మూడు చెక్కలు. పెద్దవాడి తండ్రి బతికి ఉండగానే పంచాడు. ఇద్దరు కొడుకులకీ చెరో పక్క ఇచ్చి, వాళ్ళు గట్టు దగ్గర తన్నుకుంటారని, మధ్యలో సన్నటి చెక్క కూతురికి పెట్టాడు. ముగ్గురిలో మధ్య పిల్ల కాబట్టి ఆమెని చిన్నప్పటి నుంచీ నడిపమ్మ అనేవాళ్ళు. అన్నదమ్ములు తన్నుకోలేదు. తండ్రి అనుకున్నదే జరిగింది. వాళ్ళ కోపం ఏదున్నా మధ్యలో ఆగిపోయేది.

నడిపమ్మ కాపురం నిలవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. తిరిగొచ్చి అన్న ఇంట్లోనే ఉంటోంది. పడక సామాన్ల గదిలో. ఆ గదిలోనే మందు డబ్బాలు, గోనెలు, తాళ్ళు, పాత టైర్లు. తలుపుకి లోపలి గడియ లేదు. ఎవరికి ఏది కావాలన్నా, ఎప్పుడు కావాలన్నా, తోసుకుని వచ్చి తీసుకుని పోతారు. ఆమె నిద్రపోతోందో చీర మార్చుకుంటోందో చూసేవాళ్ళు లేరు.

పట్నంలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు వెనక వీధిలో ఒక గది చూసి వచ్చింది. చిన్నదే. ఎత్తులో ఒక కిటికీ, గోడ దగ్గర ఒక కొళాయి, తలుపుకి లోపల ఇనప గడియ. ఆ గడియని ఆమె వేసి తీసి చూసింది. ఇంటామె నవ్వి, "గడియ బాగానే ఉంది, అద్దె మాట చెప్పు" అంది. ఈ పంట చేతికొస్తే వస్తానని చెప్పి వచ్చింది. మిల్లులో పత్తి ఏరే పని ఎటూ దొరుకుతుంది. చేరడానికి ముందు చేతిలో కొంత ఉండాలి. అంతే. ఆ సంవత్సరం ఆమెకి పత్తి అంటే ఆ గడియ.

ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వదిన అయితే వచ్చిపోయేవాళ్ళకి కూడా చెప్పేది. "మా ఆడపడుచు పట్నంలో మేడ కొంటోంది. మనల్ని గుమ్మం ఎక్కనిస్తుందో లేదో."

పురుగుల సారు సాయంత్రానికి మోటారు బండి మీద వచ్చాడు. సన్నటి మనిషి. వ్యవసాయ కార్యాలయం నుంచి వస్తాడు, మాట తక్కువ. సంచిలోంచి చిన్న గాజు సీసాలు తీశాడు. లోపల గోడలకి మందు పూసి ఆరబెట్టినవి. మూడు చెక్కల నుంచీ దోమలు పట్టి వేరువేరు సీసాల్లో వేసి, మూతలకి దూది పెట్టి, మోటారు గదిలో స్విచ్చిబోర్డు కింద అరుగు మీద పెట్టాడు. పొద్దున్నే వస్తానని వెళ్ళిపోయాడు.

పొద్దున అందరూ మోటారు గదిలోనే చేరారు. అన్నదమ్ములు, వదిన, తుంపర. నడిపమ్మ టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. గది నిండా గ్రీజు వాసన. సారు సీసాలు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూపించాడు. పెద్దవాడి సీసాలో దోమలు తీరిగ్గా నడుస్తున్నాయి. చిన్నవాడి సీసాలోనూ అంతే. నడిపమ్మ సీసాలో మాత్రం అడుగున ఉప్పు రాలినట్టు పడి ఉన్నాయి.

"ఇవి చచ్చాయి," అన్నాడు సారు.

"మా చెల్లెలి దోమలకి సంస్కారం ఉంది సారూ. మందు వేస్తే చచ్చిపోతాయి. మావే, సిగ్గులేనివి," అన్నాడు పెద్దవాడు.

"ఆవిడ ఎన్నిసార్లు కొట్టించారు?"

"ఒక్కసారే," అంది నడిపమ్మ గుమ్మంలోంచి. "కొట్టించడానికి చేతిలో లేక."

సారు తలూపాడు. "అదే కారణం. విత్తనానికి మీరు మంచి కాయలు ఏరి పక్కన పెట్టరూ? దోమల్లో మీరు చేసింది అదే. కొట్టిన ప్రతిసారీ లొంగేవి చచ్చాయి, తట్టుకున్నవి మిగిలాయి. మిగిలినవే పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడు మీ రెండు చెక్కల్లో ఉన్నవన్నీ వాటి సంతానం. మొండివాటిని ఏరి ఏరి మీరే పెంచారు."

"పెంచింది మేమా?" అన్నాడు చిన్నవాడు.

"మీరే. ఇక ఇది ఆపండి. వేరే జాతి మందు చెబుతాను, అది కూడా నేను చూసి కొట్టమన్నప్పుడే కొట్టాలి. ఇంకొకటి. లొంగే దోమలు ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. అవి ఈ మొండివాటితో కలిస్తే పుట్టేవి మళ్ళీ మందుకి లొంగుతాయి. అందుకని ఒక చెక్క పూర్తిగా మందు లేకుండా వదిలెయ్యాలి. పొరపాటున కూడా చుక్క పడకూడదు."

"అంటే దోమలకి పెళ్ళి సంబంధాలు చూడాలన్నమాట," అన్నాడు చిన్నవాడు.

"మంచి గుణం ఉన్న పిల్లల్ని చూడాలి," అన్నాడు తుంపర.

"మరి విందెక్కడ?" అంది వదిన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నడిమి చెక్కలో," అన్నాడు పెద్దవాడు.

నవ్వు అక్కడితో ఆగింది. అందరూ గుమ్మం వైపు చూశారు. నడిపమ్మ చేతిలో ఖాళీ గ్లాసుల పళ్ళెం ఉంది.

"నా చేను తినేస్తాయి కదా అన్నయ్యా."

"తిననీ. నీకు మేం లేమా? మేం ఇద్దరం ఏరుకున్నాక నీ చెక్కకి ఎంత రావాలో అంత మా పత్తి బోరాల్లోంచి తీసి ఇస్తాం. ఏరే కూలి కూడా తప్పింది నీకు. సారే సాక్షి."

"నేను పురుగులకి సాక్షినండీ, మనుషులకి కాదు," అన్నాడు సారు. ఆమె వైపు తిరిగాడు. "మీకు సమ్మతమేనా అమ్మా?"

"సమ్మతం కాకపోతే ఎక్కడికి పోతుంది," అన్నాడు పెద్దవాడు.

నడిపమ్మ పళ్ళెంలో గ్లాసులు సర్దింది. అన్న బోరాల్లో పత్తి అయినా పత్తే కదా అనుకుంది. తలూపింది.

ఆ తరువాత అటూ ఇటూ వారం వారం కొత్త మందు పడింది. నడిమి చెక్కలో పడలేదు. మొదట ఆకు పసుపు తిరిగింది. తరువాత జిగురు కారింది. చేలో నడిస్తే చీర కాళ్ళకి అంటుకునేది. జిగురు మీద మసి పట్టింది. పొయ్యి మీద బోర్లించిన గిన్నెలా ఆకులు నల్లబడ్డాయి. రోజూ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చేతులు కూడా అలాగే ఉండేవి. వదిన నీళ్ళచెంబు దూరంగా పెట్టేది.

"దోమల పుట్టింటి నుంచి వచ్చావా?" అనేది. "పుట్టింట్లో ఉంటే ఎవరైనా బలుస్తారు. అవీ బలుస్తున్నాయి."

నడిపమ్మ చెంబు దాకా వెళ్ళి చేతులు కడుక్కునేది. వదినకి జవాబు అక్కర్లేదు.

ఆ చేలో ఇంకొకటి కూడా జరుగుతోంది. మందు లేని చోటు తెలిసి సాలెపురుగులు చేరాయి. కొమ్మకీ కొమ్మకీ మధ్య గూళ్ళు కట్టాయి. ఆ గూళ్ళ నిండా తెల్లగా దోమ. ఆకు అడుగున దోమ పిల్లల్లో కొన్ని నల్లబడి, చిల్లులు పడి, లోపల ఏమీ లేకుండా ఉండేవి. కంటికి ఆనని ఏదో కందిరీగ వాటిలో గుడ్లు పెట్టి తినేసి పోయేది. పైన కొత్తగా వచ్చిన చిగురు మసి లేకుండా వచ్చింది. పెద్ద తేడా కాదు. వంగి చూస్తే తెలిసేంత. నడిపమ్మ కింది ఆకుల పసుపు చూసి, పక్క చేల పచ్చదనం చూసి, తిరిగి ఇంటికి పోయేది. గూళ్ళని చేత్తో తోసుకుంటూ నడిచేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తండ్రి నాటిది. పిచికారీ అయ్యాక డబ్బా కడగాలి కదా. నీళ్ళు పోసి, మూత పెట్టి, గిలకరించి, మళ్ళీ పోసి. ఆ కడిగిన నీళ్ళు నేలపాలు చెయ్యనిచ్చేవాడు కాదు ముసలాయన. "మందు అంటిన నీళ్ళు కూడా మందే" అని గట్టు వారన చివరి సాలు మీద కొట్టించేవాడు. కొడుకులకీ అదే అలవాటు. పారబొయ్యడమంటే వాళ్ళకి ప్రాణం పోయినట్టు ఉంటుంది. అన్నం మెతుకు కింద పడితే చూడరు గానీ ఆ నీళ్ళు మాత్రం చుక్క పోనివ్వరు.

ఒకరోజు తుంపర గట్టు మీద డబ్బా కడుగుతుంటే నడిపమ్మ వచ్చి నిలబడింది.

"ఆ నీళ్ళు ఇటు కొట్టకూడదూ?"

"సారు వద్దన్నాడు కదమ్మా."

"మందు వద్దన్నాడు. ఇవి నీళ్ళే కదా."

తుంపర ఆమె చేతుల వైపు చూశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. "పెద్దయ్యని అడిగి చెబుతాను," అన్నాడు.

పెద్దయ్య అప్పుడు గట్టు మీదే మంచి హుషారులో ఉన్నాడు. కొత్త మందుకి దోమ రాలుతోంది. చెయ్యి ఊపాడు. "కొట్టు. నేల మీద పోసే దానికన్నా నయం. చెల్లెలంటే మాకు ప్రేమ లేదనుకునేరు." ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట రెండోసారి కూడా చెప్పాడు, అందరికీ వినపడేలా. నడిపమ్మ తల వంచుకుని విన్నది. నిజంగానే ఆమెకి సంతోషం కలిగింది.

చిన్నవాడికి కూడా ఆ ఆలోచన నచ్చింది. అటు నుంచి పెద్దవాడి డబ్బా నీళ్ళు, ఇటు నుంచి చిన్నవాడి డబ్బా నీళ్ళు. మొదట గట్టు వారన సాలు మీద. తరువాత ఇంకో సాలు లోపలికి. తుంపరకి ఆమె మీద జాలి. ఆఖరి డబ్బాలో కావాలనే కాస్త మందు మిగిల్చి, దాంట్లో నీళ్ళు పోసుకుని నడిమి చెక్క మధ్యదాకా పోయేవాడు. దానికి ఆమె అతనికి ఎప్పుడైనా ఒక గ్లాసు మజ్జిగ ఎక్కువ పోసేది. ఎవరూ ఎవరికీ చెడు చెయ్యలేదు. ఎవరిని అడిగినా అదే చెబుతారు.

ముందు సాలెపురుగులు పోయాయి. గూళ్ళు ఖాళీగా వేలాడి, గాలికి తెగిపోయాయి. నల్లబడి చిల్లులు పడిన పిల్లలు ఇక కనపడలేదు. దోమ కొన్నాళ్ళు తగ్గినట్టు కనిపించింది. నడిపమ్మ మొహం తేటపడింది. ఆ తరువాత దోమ మళ్ళీ వచ్చింది. ఈసారి ఊపకుండానే లేస్తోంది. కాలు పెడితే చాలు.

అటూ ఇటూ కూడా అంతే. కొత్త మందు మొదట పనిచేసింది, తరువాత సగం పనిచేసింది, తరువాత తుంపరకి వాంతులు తెప్పించడం వరకే పనిచేసింది.

సారు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ సీసాలు. మర్నాడు పొద్దున మోటారు గదిలో ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. పెద్దవాడి సీసాలో నడుస్తున్నాయి. చిన్నవాడి సీసాలో నడుస్తున్నాయి. నడిపమ్మ సీసా ఎత్తి చాలాసేపు పట్టుకున్నాడు. అందులోనూ నడుస్తున్నాయి. ఒకటి గోడ మీద ఆగి రెక్కలు సర్దుకుంది.

"నడిమి చెక్కలో మందు ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు," అన్నాడు పెద్దవాడు.

"కొట్టకుండా ఇలా కావు."

"ఏమే, కొట్టించావా?"

"కడిగిన నీళ్ళు," అంది నడిపమ్మ.

"ఏ నీళ్ళు?" అన్నాడు సారు.

తుంపర చెప్పాడు. ఎవరి డబ్బా, ఎటు నుంచి, ఎంత లోపలికి, అన్నీ చెప్పాడు. దాచుకోవలసింది ఉందని అతనికి తట్టలేదు.

సారు సీసా కింద పెట్టాడు. "చంపేంత మందు పోసి ఉంటే చాలావరకు చచ్చేవి. మీరు అరకొరగా పోశారు. వారం వారం. బలహీనమైనవి పోయి, గట్టివి కాస్త కాస్తగా రాటుదేలాయి. వాటిని తినే పురుగులు మాత్రం ఆ కాస్తకే చచ్చిపోయాయి."

"నీళ్ళు సారూ. డబ్బా కడిగిన నీళ్ళు," అన్నాడు పెద్దవాడు. "నీళ్ళు మందెలా అవుతాయి?"

"కొట్టమన్నది ఎవరు?"

తుంపర పెద్దవాడి వైపు చూశాడు. చిన్నవాడు గోళ్ళు చూసుకున్నాడు.  ఆగిన మోటారు పైపులోంచి నీటిచుక్కలు పడుతున్నాయి.

"అది అడిగింది," అన్నాడు పెద్దవాడు వేలు చూపించి. "అడిగావా లేదా?"

"అడిగాను," అంది నడిపమ్మ.

అది నిజం. సరేనన్నది ఎవరో కూడా నిజమే గానీ ఆ మాట ఆమె అనలేదు. అంటుందేమోనని పెద్దవాడు కాసేపు ఎదురుచూశాడు. అనకపోయేసరికి గొంతు పెరిగింది. "చూశారా సారూ. చదువు లేకపోతే పోయె, మాట అయినా వినాలి కదా. అందరి కొంపా ముంచింది."

సారు సంచి సర్దుకున్నాడు. "ఇక ఈ చెక్కని మందు లేకుండా ఉంచి లాభం లేదు. అలాగని పచ్చగా ఉండగా దున్నకండి. దున్నితే దోమ మొత్తం లేచి పక్క చేల మీద పడుతుంది. అందరూ పత్తి ఏరుకున్నాక, మూడు చెక్కలూ ఒకే రోజు దున్నండి." బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట అందరూ విన్నారు. వినపడలేదని తరువాత ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చాక పెద్దవాడు పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు, "మాట తప్పింది నువ్వు. కాబట్టి మా మాట కూడా లేదు. మా బోరాల్లోంచి నీకు రావలసింది ఏమీ లేదు."

"నా చెక్కలో ఉన్నది నేను ఏరుకుంటాను," అంది నడిపమ్మ.

అది పెద్దవాడి లెక్కలో లేదు. నడిమి చెక్కలో కాయ అప్పటికే విచ్చుకుంటోంది. దెబ్బతిన్న మొక్క తొందరగా పండుతుంది. అటూ ఇటూ పచ్చగా, బలంగా ఉన్న చేలలో కాయ ఇంకా మూసుకునే ఉంది. మసి పట్టిన ఆ నల్లటి మొక్కల మీద అక్కడక్కడా తెల్లటి పత్తి. అది గట్టు మీద నుంచి చూస్తే కూడా కనపడుతోంది.

"అందరి చేలూ పోయి నీ ఒక్కదానిది ఇంటికొస్తుందా?" అంది వదిన. "బాగుంది తల్లీ. కొంప ముంచినవాళ్ళకే పడవ."

పెద్దవాడు తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా. "రేపు నడిమి చెక్క దున్నేస్తున్నాం. దోమల పుట్ట అక్కడే ఉంది."

"సారు వద్దన్నాడు కదా అన్నయ్యా," అన్నాడు చిన్నవాడు.

"సారుకి చేనుందా? ట్రాక్టరు నువ్వే తోలు."

చిన్నవాడు తలూపాడు. అతను చెడ్డవాడు కాదు. అన్న మాటకి ఎదురు చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. అక్క అంటే ఇష్టం. ట్రాక్టరు అంటే కూడా ఇష్టం.

మర్నాడు ఎండ బాగా కాసింది. ట్రాక్టరు గట్టు దాటి నడిమి చెక్కలోకి దిగేసరికి నడిపమ్మ అప్పటికే చేలో ఉంది. నడుముకి గోనె కట్టుకుని ఏరుతోంది.

"పక్కకి రా," అన్నాడు పెద్దవాడు గట్టు మీద నుంచి.

"విచ్చినవైనా ఏరుకోనీ అన్నయ్యా. ఈ పూటకి ఆగు."

"బండి అద్దెకి తెచ్చింది. పూటంతా ఆపితే నువ్విస్తావా?"

"తమ్ముడూ," అంది ఆమె.

చిన్నవాడు ఇంజను ఆపలేదు, ముందుకీ తోలలేదు. అన్న వైపు చూశాడు. పెద్దవాడు కాసేపు ఆలోచించాడు. అతను పెద్దమనసు చూపించాలనుకున్నప్పుడల్లా మొహం ఒకలా పెట్టేవాడు. అలా పెట్టి అన్నాడు, "సరే. బండికి ముందు నడుస్తూ ఏరుకో. ఎంత దొరికితే అంత నీది. ఒరేయ్, నువ్వు మాత్రం ఆపకు."

ట్రాక్టరు కదిలింది. నడిపమ్మ దాని ముందు సాలులో వంగి నడుస్తూ ఏరింది. రెండు చేతులా ఏరింది. జిగురుకి పత్తి వేళ్ళకి అంటుకుని గోనెలో పడేది కాదు, విదిలించాల్సి వచ్చేది. విదిలించేసరికి ఇంకో రెండు కాయలు వెనకపడేవి. వెనకపడినవి బండి వెనక తిరిగే రోటవేటరు కత్తుల కిందికి పోయేవి. ఇంజను వేడి ఆమె వీపుకి తగులుతోంది. చిన్నవాడు కాలు వీలైనంత మెల్లగా నొక్కాడు. బండి ఇంకా మెల్లగా పోదు, ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడల్లా గట్టు మీద నుంచి కేక వచ్చేది.

సాలు చివర బండి తిరిగే చోట ఆమె చీర మొక్కల మొరటు కొమ్మలకి చిక్కుకుంది. లాగి చింపుకుని ముందుకి పోయింది. తుంపర గట్టు మీద కూర్చుని చూస్తూ, కాసేపటికి మొహం అటు తిప్పుకున్నాడు. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఎప్పుడూ కారుతూనే ఉంటాయి.

ఆఖరి సాలు అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గోనెలో అడుగున కాస్త పత్తి ఉంది. మసి రాసుకుని, ఆకు ముక్కలు కలిసి, ముద్దగా. ఏ మిల్లువాడూ లోపలికి రానివ్వడు. దిండులోకి కూడా పనికిరాదు. నడిపమ్మ దాన్ని గట్టు మీద పెట్టి పక్కనే కూర్చుంది. చేతులు తుడుచుకోలేదు.

చెక్క ఇప్పుడు నల్లమట్టి. అన్న చెక్కకీ తమ్ముడి చెక్కకీ మధ్య అడ్డు ఏమీ లేదు.

సాయంత్రం, ఎండ చల్లబడ్డాక, దున్నిన మట్టిలో నలిగిన ఆకులు వాడి ముడుచుకున్నాయి. అప్పుడు లేచింది దోమ. మొదట నేల ఆవిరి కక్కుతోందనుకున్నారు. తరువాత అది పైకి రాకుండా నడుము ఎత్తులో అటూ ఇటూ చీలడం చూశారు. సగం పెద్దవాడి చేలోకి, సగం చిన్నవాడి చేలోకి. తొందర లేకుండా, చప్పుడు లేకుండా పోయింది. దీపాల వేళకి పత్తి ఆకుల మీద సున్నం కొట్టినట్టు తెల్లగా వాలింది. మూసుకున్న కాయల మీద, పూత మీద, చిగుళ్ళ మీద, ఎక్కడ చూస్తే అక్కడ.

పెద్దవాడు చేలోకి పరుగెత్తాడు. మొక్కల్ని చేతులతో బాదాడు. లేచినవి లేచి మళ్ళీ అక్కడే వాలాయి. "డబ్బా తేరా," అని అరిచాడు. తుంపర లేవలేదు.

"ఏ మందు కలపను పెద్దయ్యా?"

పెద్దవాడు చేతులు కిందికి దించాడు. చాలాసేపు ఆ చేలోనే నిలబడ్డాడు. అతని తల, భుజాలు తెల్లబడ్డాయి. చిన్నవాడు వెళ్ళి చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తెచ్చాడు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఇంటికి నడిచారు. ముందు పెద్దవాడు, తరువాత చిన్నవాడు, వెనక నడిపమ్మ. గోనె గట్టు మీదే ఉండిపోయింది.

వదిన వాళ్ళ మొహాలు చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వంటింట్లో పళ్ళేలు పెట్టింది. తుంపరకి కూడా గుమ్మం పక్కన పెట్టింది. నడిపమ్మ మసి చేతులు కడుక్కోవడానికి వెళితే ఈసారి చెంబు దూరంగా లేదు. కడిగినా మసి పూర్తిగా పోలేదు, గోళ్ళ పక్కన ఉండిపోయింది. వచ్చి కూర్చుంది.

అందరూ అన్నం కలుపుకున్నారు. పెద్దవాడు కలిపి, కలిపినది అలాగే ఉంచి, నీళ్ళు తాగాడు. తరువాత తిన్నాడు. చిన్నవాడు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. తుంపర ప్రతి ముద్దకీ కాసేపు ఆగి, నిలుస్తుందో లేదో చూసుకుని, ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. వదిన నిలబడే తినేసింది.

నడిపమ్మ పళ్ళెం ఖాళీ చేసి ముందుకి జరిపింది. వదిన వడ్డించింది. ఇంకా కావాలన్నట్టు ఆమె పళ్ళెం అక్కడే ఉంచింది. వదిన మళ్ళీ వడ్డించింది. ఆమె తింటూనే ఉంది. అయిపోయినవాళ్ళు కూడా లేవకుండా, చేతులు ఎండిపోతుంటే, ఆమె తినడం అయ్యేదాకా కూర్చున్నారు.